కిరసనాయిలు వాసన తెచ్చిన పేరు

ఆ రోజుల్లో (మరీ పాత రోజులేం కావు, నా మీసం రావాలా వద్దా అని ఆలోచిస్తున్న రోజులు) కొత్తగా ఉద్యోగంలో చేరిన అందరిలాగే నేనూ లోకమంతా నా మీదే నడుస్తోందనుకునేవాణ్ణి. నా లోకం పెనుకొండ దగ్గర మా పెదనాయన ద్రాక్షతోట. ఆయన తాత ఏ దొర దగ్గర్నుంచో రీస్లింగ్ అనే చలిదేశపు ద్రాక్ష తీగలు తెచ్చి నాటాడట. మన ఎండకు అవి మొదటి వేసవిలోనే చావాలి. ఆ సంగతి వాటికెవరూ చెప్పకపోవడంతో బతికేశాయి. పెదనాయన పాత రాతికొట్టాన్ని ఏసీ గదిగా మార్చి, వైన్ చేసే స్టీలు ట్యాంకులు దించి, వాటికి పసుపు కుంకుమ పెట్టి, తోట ఆధునికమైపోయిందని ప్రకటించాడు. నన్ను మేనేజర్ని చేశాడు. (జనరేటర్లో డీజిల్ పోయడం అందులో ఒక పని. మిగతా పనులేమిటో ఇప్పటికీ తెలియదు.)

వైన్ తయారై రెండు మూడేళ్లుగా సీసాల్లో పడుంది, అడిగే దిక్కు మాత్రం లేదు. ఎర్రమంచిలో కార్ల ఫ్యాక్టరీ వచ్చాక చుట్టుపక్కల చేలన్నీ ప్లాట్లయ్యాయి. చివరికి బెంగళూరు నుంచి వైన్ రుచి చూసి మార్కులు వేసే మేడం ఒకావిడ వస్తానంది. "ఆయమ్మ బాగుందంటే సరి. లేదంటే తీగలు పీకేసి ప్లాట్లేస్తా," అన్నాడు పెదనాయన. ఆ మాట అంటూనే తీగల వైపు చూడలేక మొహం తిప్పుకున్నాడు.

మేడం వచ్చే రోజు పొద్దున ఆయన అన్నిటికన్నా పాత సీసా తెరిచి వాసన చూసి నా వైపు తిరిగాడు.

"ఏమిరా, డీజిల్ యాడ పెట్టినావు?"

"జనరేటర్ పక్కనే పెదనాయనా."

"మరి ఇది స్టవ్వు మాదిరి కొడతాండాదే?"

పెద్దమ్మ కూడా వాసన చూసింది. "డీజిల్ కాదు. రేషన్లో ఇచ్చేవాళ్లే, ఆ కిరసనాయిలు," అని తీర్పు చెప్పింది. ఇంకో సీసా తెరిచాం, అదే వాసన. ఇంకోటీ అంతే. బిరడా తీయకుండా అన్ని సీసాల్లో ఎట్లా పోస్తానని అడిగాను. "నువ్వు చదువుకున్నోడివి కదప్పా," అన్నాడు పెదనాయన. నా డిగ్రీకి అంత గౌరవం దక్కింది ఆ ఒక్కసారే.

మా ఇంట్లో ఏ వాసనకైనా పెద్దమ్మ దగ్గర ఒకటే మందు, సాంబ్రాణి. నిప్పుల కుంపటి పట్టుకుని ఏసీ గదంతా తిరిగాను. తలుపులు బిగించి ఉండడంతో ట్యాంకులు మబ్బుల్లో తేలే దేవతల్లా కనిపించాయి. మేడం లోపలికి అడుగుపెట్టి వరసగా తుమ్మింది. "ఏమప్పా, ఈడ బాలింత యాడుండాది?" అంది. (వాళ్లమ్మది మడకశిరట. మనం ఇంగ్లీషు ప్రాక్టీసు చేసిందంతా వృథా.) "ఈ పొగలో నాకేం తెలుస్తాది? గ్లాసు బయటికి తీస్కరాపో."

బయట ఎండలో గ్లాసు తిప్పింది, వాసన చూసింది, పుక్కిలించింది, పక్కనున్న బకెట్లో ఉమ్మేసింది.

"ఉమ్మేసింది కదరా," అంది పెద్దమ్మ నెమ్మదిగా. మా ఇళ్లలో ఎంత చెడ్డ కాఫీ ఇచ్చినా చుట్టాలు మింగే పోతారు. పెదనాయన కండువా తీసి భుజం మార్చుకున్నాడు. "మేడం, దాస్తే పాపం. కిరసనాయిలు మేం కల్పలేదు. ఈ పిలగాడే ఏమో చేసినాడు. ఎట్లా చేసినాడో కూడా చెప్పడంల్యా," అన్నాడు.

మేడం కాసేపు నవ్వింది. "ఎవరూ ఏం కల్పలేదయ్యా. రీస్లింగ్ పాతబడితే ఈ వాసనే వస్తాది. ఎండదేశంలో ఇంకా తొందరగా వస్తాది. దీనికోసమే ఇంత దూరం వచ్చినా. ఉమ్మేది మా పనిలో పద్ధతి. పొద్దున్నుంచీ మింగితే మార్కులెవరేస్తారు?"

మార్కులు వేసింది. హోటళ్లవాళ్లు కార్లలో వచ్చారు. తీగలు ఉన్నచోటే ఉన్నాయి. పెదనాయన మాత్రం ఆ వాసన తమ వంశంలోనే ఉందన్నట్టు మాట్లాడడం మొదలుపెట్టాడు. నాకు క్షమాపణ చెప్పలేదు. జీతం పెంచాడు, మా ఇంట్లో అది అంతకంటే అరుదు.

ఇప్పుడు వచ్చినవాళ్లకు వైన్ రుచి చూపించేది నేనే. మొన్న ధర్మవరం నుంచి వచ్చిన ఒక కుర్రాడు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, పక్కవాళ్లకు వినపడకుండా, "ఏమన్నా, దీంట్లో కిరసనాయిలు పడినట్టుండాదే?" అన్నాడు. గొంతు బరువు చేసి, అది పాత రీస్లింగ్ లక్షణమనీ, తెలిసినవాళ్లు దాన్నే వెతుక్కుంటారనీ చెప్పాను. పాపం, తన ముక్కుదే తప్పన్నట్టు తల వంచుకుని ఇంకో గుక్క తాగాడు. నీ ముక్కు మంచిదేరా అబ్బీ, దాన్ని నమ్మడానికి ఎవరో బెంగళూరు నుంచి వచ్చి ఒప్పుకోనక్కర్లేదు అని చెవిలో చెప్పాలనిపించింది. కానీ నేనిప్పుడు నిజంగానే మేనేజర్ని. "ఇంకొంచెం పోయమంటారా?" అన్నాను.