దుంగలోంచి చిట్టి అరుపు

ఆ రోజుల్లో నాకు దయ్యాల మీద నమ్మకం లేదు, భయం మాత్రమే ఉండేది. డిగ్రీ చదువుతున్నాను కాబట్టి ఆ రెండో సంగతి ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు. సెలవులకు అమరావతి దిగువన కృష్ణ ఒడ్డున ఉన్న అమ్మమ్మగారి ఊరెళ్ళేసరికి, వరద ఆమె గేదె చిట్టిని ఈడ్చుకుపోయి ఉంది. (పేరుకే చిట్టి. గుమ్మానికి అడ్డం నిలబడితే ఇంట్లో చీకటయ్యేది.) అమ్మమ్మకున్న ఆధారం ఆ పాడి ఒక్కటే. సరిగ్గా అన్నం కూడా తినకుండా, రోజూ పొద్దున్నే వెళ్ళి ఒడ్డున కూర్చునేది.

మంచులో, పాయ మధ్య, కొమ్ములున్న నల్లటి వీపొకటి కనిపించేది. వరద తీస్తున్నకొద్దీ అది రోజుకింత పైకి లేస్తోంది. కదలదు. అమ్మమ్మ "చిట్టీ, రావే తల్లీ!" అని కేకేస్తే మాత్రం అటునుంచి గేదె మూలుగు వచ్చేది.

"కొట్టుకొచ్చిన దుంగమ్మా అది. కొమ్ములు కావు, వేళ్ళు" అన్నాడు మామయ్య.

"మరి దుంగ అరుస్తుందిరా?"

మామయ్య ఒడ్డు నుంచి రెండడుగులు వెనక్కి వేసి, "దాని జోలికి పోమాక" అన్నాడు. నేను ఆయన వెనక్కి జరిగాను.

"ఏరా, కాలేజీకి పోతున్నావుగా, నువ్వన్నా చూసి రారా" అని అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఇక తప్పలేదు. పలుపు భుజాన వేసుకుని నడుము లోతు నీళ్ళలో దిగాను. నిజంగానే అది వేళ్ళతో సహా పెళ్ళగిలి వచ్చిన మాను. వేళ్ళ నిండా జొన్న చొప్ప, గుర్రపుడెక్క, ఎవరిదో చీర. తాకితే నాచు పట్టి, చల్లటి చర్మంలా ఉంది. ఎందుకైనా మంచిదని "చిట్టీ, నేనేనే, మనవణ్ణి" అని చెప్పుకుని, వంగి దానికి పలుపు కట్టాను. మెడ మీద వెచ్చగా ఊపిరి తగిలింది.

నా కేకకు ఒడ్డున ఉన్న మామయ్య ఊళ్ళోకి పరుగెత్తాడు.

తలెత్తితే దుంగ అవతల చిట్టి! మాను అడ్డుపడటంతో దాని చాటున నీటి వడి తగ్గి ఇసుక మేట వేసింది. చుట్టూ ఉన్న నీటి వడికి బెదిరి, ఆ మేట మీదే పడుకుని, వేళ్ళకు తట్టుకున్న చొప్ప మేస్తూ బతికింది. దాని కొమ్ము పట్టుకుని (అదే నన్ను లాక్కొచ్చింది లెండి) ఒడ్డుకు చేరాను. అమ్మమ్మ దాని మెడ పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది.

మరుసటి వరదకు దుంగ వెళ్ళిపోయింది, దాని వెనక మేటా కరిగిపోయింది. అప్పట్నుంచి అమ్మమ్మ ఏ మాను కొట్టుకొచ్చినా ఒడ్డున నిలబడి, "చాటున ఎవరన్నా ఉన్నారా?" అని అడిగేది. ఆమె పోయి చాలా కాలమైంది. ఇప్పటికీ బస్సు కృష్ణ దాటుతుండగా నీళ్ళలో దుంగ కనబడితే నేనూ అడుగుతాను, పక్క సీటాయనకు వినబడకుండా.