ఎక్కేవాడు వస్తేనే దిగేవాడు

బందరులో కొత్త పోర్టు పని మొదలయ్యాక మా మేనల్లుడు ఓడల వాళ్ళ అవసరాలు చూసే ఆఫీసు పెట్టాడు. నేను గుడివాడలో బ్యాంకు గుమాస్తాగా రిటైరై ఖాళీగా ఉన్నాను. కాగితాలు చూడడానికి నన్ను రమ్మన్నాడు. తేదీ వెయ్యని సంతకాన్ని నేను సంతకమనుకోనని వాడికి తెలుసు.

మా పని సముద్రంలో లంగరు వేసిన ఓడ మీద గడువు తీరిన మనిషిని దింపి, అతని చోట ఇంకొకర్ని ఎక్కించడం. ఎక్కేవాడు ఓడ మీద కాలు పెట్టేదాకా దిగేవాడు కదలకూడదు. ఎక్కేవాళ్ళను నేను నమ్మను. కిందటిసారి ఒకడు టీ తాగొస్తానని బస్టాండుకు వెళ్ళి, ఫోను కట్టేసి, మళ్ళీ కనపడలేదు. వాడి మూలంగా ఇంజను గదిలో పనిచేసే ముదినేపల్లి మనిషి ఓడ మీదే ఉండిపోయాడు. అతని భార్యకు గుడివాడలో గర్భసంచి ఆపరేషన్. ఆయన పక్కన లేకుండా చేయించుకోనని ఆవిడ అప్పటికే రెండుసార్లు వాయిదా వేయించింది. ఇంక ఆగడానికి లేదని డాక్టరు చెప్పాడు. నేను చెప్పబోయే రోజుకి మర్నాడు పొద్దున్నే ఆపరేషన్.

ఈసారి ఎక్కడానికి వచ్చినతను దివిసీమవాడు, ముప్ఫై ఏళ్ళుంటాయి. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. అదే నాకు నచ్చలేదు. కుర్చీ వేస్తే కూర్చోలేదు, గుమ్మం బయట అరుగు మీద కూర్చున్నాడు. గడ్డం గీసుకోలేదు. ఫోను వస్తే వీధి చివరిదాకా వెళ్ళి మాట్లాడుతున్నాడు. నాగాయలంక పక్క చేపలు పట్టే ఇంట్లో పుట్టినవాడు, చేపల పులుసు పెడితే వద్దని చప్పిడి పప్పు అడిగాడు. నాకు కామెర్లేమోనని అనుమానం వచ్చింది. వెలుతుర్లోకి రమ్మని కళ్ళు చూశాను.

"కామెర్లు కాదండీ మామ్మగారూ," అన్నాడు.

"మరేంటి?"

"ఏం లేదండీ. ఆకలి లేదు."

పారిపోతాడనే అనుకున్నాను. పాస్‌పోర్టు, ఓడల్లో పనిచేసేవాళ్ళకిచ్చే గుర్తింపు పుస్తకం నా సంచిలో పెట్టుకున్నాను. అతని బ్యాగు కూడా నా కాళ్ళ దగ్గరే పెట్టించాను. అతనేమీ అనలేదు. కోప్పడి ఉంటే కొంచెం నమ్మేదాన్ని.

మధ్యాహ్నం గిలకలదిండి రేవుకు తీసుకెళ్ళాను. ఆఫీసు లాంచీ రిపేరులో ఉంది, అందుకని వేట పడవ మాట్లాడాం. పోటు మీదుండగానే మొగ, అంటే కాలవ సముద్రంలో కలిసే చోటు, దాటాలి. నీళ్ళు తీస్తే ఇసుక మేట తగులుకుంటుంది. పడవ ఆయన పెద్దవాడు, ఇంజను తిప్పడానికి సిద్ధంగా ఉన్నాడు. మావాడు, అదే ఆ దివిసీమతను, పక్కనుంచి ఎక్కబోయాడు.

"ఆగరా అబ్బాయ్," అన్నాడు పడవ ఆయన. "ఏ ఊరు మీది?"

చెప్పాడు.

"మనోడివే. అణియం ముట్టి దణ్ణం పెట్టుకోకుండా పడవెక్కుతావేంట్రా? మీ ఇంట్లో నేర్పలా?"

అణియమంటే పడవ ముందుకొన. అక్కడ పసుపూ కుంకుమా పెట్టి ఉన్నాయి. మావాడు దానివైపు చూశాడు గానీ చెయ్యి చాపలేదు.

"మా పెదనాన్న పోయాడు బాబాయ్. దినం ఇంకా కాలేదు."

పడవ ఆయన చేతిలో ఇంజను తాడు వదిలేశాడు. మైలలో ఉన్నవాణ్ణి వేట పడవ ఎక్కించరు. అరుగూ, గడ్డమూ, చప్పిడి పప్పూ అన్నీ నాకప్పుడు అర్థమయ్యాయి. మా ఇళ్ళలోనూ మైల పడతాం, అయినా తట్టలేదు. కామెర్లు వెతికాను.

"చెప్తే ఎక్కించరని చెప్పలేదండీ," అన్నాడు నాతో. "ఈ ఓడ తప్పితే మళ్ళీ పిలవరు."

పడవ ఆయన మాత్రం అతన్ని వదిలి నన్ను పట్టుకున్నాడు. "మీకు తెలుసు కదండీ అమ్మగారూ?"

"తెలీదు."

"ఆపీసోళ్ళకి తెలీకుండా ఉంటదా?"

"అబద్ధం చెప్పదలుచుకుంటే ఇంతకంటే మంచిది చెప్తాను నాయనా. అక్కడ ఓడ మీద ఒకాయన దిగాలి. ఆయన భార్యకి రేపు కోత. ఇతను ఎక్కకపోతే ఆయన రాడు."

"అదన్నా నిజమేనా?"

నేను ఆవిడకు ఫోను చేసి పడవ ఆయన చేతికిచ్చాను. ఏం విన్నాడో, "ఊఁ, ఊఁ" అని తిరిగి ఇచ్చేశాడు.

"మీ పెదనాన్న వేటకెళ్ళేవాడా?" అని అడిగాడు.

"చివరిదాకా వెళ్ళాడు బాబాయ్."

"నడుమ కూర్చో. నీ బ్యాగు మీదే కూర్చో. తాడు ముట్టుకోకు, అణియం వైపు చూడకు. తిరిగొచ్చాక పసుపు నీళ్ళతో కడుక్కుంటా." తర్వాత నావైపు తిరిగాడు. "మీరు మాత్రం ఈ మాట రేవులో అనకండి."

పాస్‌పోర్టూ పుస్తకమూ తీసి మావాడి చేతికిచ్చాను. పడవ ఆయన ఎందుకంత తొందరగా ఒప్పుకున్నాడా అని పడవ మొగ దాటేదాకా చూస్తూనే ఉన్నాను. మధ్యలో తిప్పేస్తాడనుకున్నాను. పొద్దు వాలుతుండగా పడవ వచ్చింది. అందులో వేరే మనిషి ఉన్నాడు. గడ్డం పెరిగి ఉంది. సంచిలోంచి ముదినేపల్లి మనిషి ఫొటో తీసి ముఖం పక్కన పెట్టి చూశాను.

"నేనేనండీ," అన్నాడు. "కారెక్కాక చూసుకోండి."

డ్రైవరు మీద నమ్మకం లేక నేనూ ఎక్కాను. దారిలో ఆవిడకు ఫోను చేసి, మీ ఆయన నా పక్కనే ఉన్నాడని చెప్పాను.

"ఇదివరకూ మీరు ఇలాగే అన్నారు. ఇవాళే దిగుతాడన్నారు," అంది ఆవిడ.

ఫోను అతనికిచ్చాను. గొంతు విన్నాక కూడా నమ్మినట్టు లేదు. "ఓడ మీంచే మాట్లాడుతున్నావేమో. ఏం కనిపిస్తోందో చెప్పు."

అతను అద్దం దించాడు.

"పెడనలో ఉన్నాం. అద్దకం బట్టలు ఆరేసి ఉన్నాయి. ఒకావిడ తీసి మడతపెడుతోంది. ఎర్రవి. పక్కన గేదె."



"సరే, రా," అంది.