పసుపు రాసిన బాంబు

మొన్న శుక్రవారం ఒమన్‌లోని అజైబాలో మా రూమ్ డాబా మీద బట్టలు ఆరేస్తుంటే, రెక్కలకు ఫ్యాన్లున్న విమానం ఒకటి గొణుక్కుంటూ పోయింది. ఎయిర్‌పోర్టు దగ్గరే కాబట్టి జెట్ విమానాలు రోజంతా మా నెత్తి మీదుగానే తిరుగుతాయి, వాటిని నేను తలెత్తి కూడా చూడను. ఈ ఫ్యాన్ల చప్పుడు వింటే మాత్రం ఇన్నేళ్లయినా దాక్కునే చోటు వెతుక్కుంటాను. యాభై దాటిన మేస్త్రీని, తడి లుంగీ పట్టుకుని నీళ్ల ట్యాంకు చాటుకు జరిగానంటే నవ్వకండి.

పదేళ్ల కిందట జబల్ అఖ్దర్ కొండ మీద, దానిమ్మ తోటల మధ్య, ఒక ఇంటికి ప్రహరీ కడుతున్నాం. నాతో ఉన్నది మా బామ్మర్ది. నలుగురు ఆడపిల్లల తర్వాత పుట్టిన ఒక్కగానొక్కడు. వాడికి వీసా తెప్పించింది నేనే. బయల్దేరేటప్పుడు మా ఆవిడ "నా తమ్మున్ని నీ చేతుల వెడ్తున్న" అంది, అంతే.

మా జగిత్యాల పక్క పునాది తీసే ముందు ఒక రాయి పాతి, పసుపు పూసి, బొట్లు పెట్టి, మైసమ్మా చల్లగా చూడమ్మా అని మొక్కుతాం. ఒమన్ వచ్చినా ఆ అలవాటు మానలేదు. కాకపోతే అర్బాబ్, అంటే యజమాని, లేవకముందే దొంగల్లా మొక్కేసి, పని మొదలయ్యేసరికి ఆ రాయిని పునాదిలో కలిపేసేవాళ్లం. ఆ రోజు పొద్దున కొండ రాయి పాతబోతే పెళ్లలు పెళ్లలుగా విరిగిపోతోంది. ఇంతలో బామ్మర్ది గడ్డపారకు ఇనుము తగిలింది. మట్టి తోడి చూస్తే మోచెయ్యి కన్నా కాస్త పొడవున్న, తుప్పు పట్టిన గుండ్రటి దిమ్మ. పాత నీళ్ల మోటారు ముక్క అనుకున్నాం. "ఇగ దీన్నే నిలవెడ్దాం బావా, ఇనుమెన్నడన్న ఇరుగుతదా?" అన్నాడు. నాకూ నచ్చింది. కడిగి, నిండా పసుపు పూసి, మా ఆవిడ పొట్లం కట్టిచ్చిన కుంకుమతో మూడు బొట్లు పెట్టాను. వాడు గొంతుక్కూర్చుని దాన్ని రెండు చేతులా నిటారుగా పట్టుకున్నాడు. భూమిలోకి దిగేలా కొట్టడానికి నేను సమ్మెట ఎత్తాను.

అప్పుడే తోటలోంచి కేక వినిపించింది. అర్బాబ్ తండ్రి, డెబ్భైకి దగ్గరి ముసలాయన, "మత్ మారో! మత్ మారో!" అంటూ, కొట్టొద్దని హిందీలో అరుస్తూ వస్తున్నాడు. మా పూజ కంటబడింది, ఇక ఉద్యోగం ఊడినట్టే అనుకున్నాను. "జల్ది కొట్టు బావా, ఆయన వచ్చెటాల్లకు మట్టి కప్పేద్దాం" అన్నాడు బామ్మర్ది. నిజం చెప్తున్నాను, కొట్టేవాణ్ణే. ముసలాయన చెప్పులు వదిలేసి పరిగెత్తుతూ "బాంబ్!" అన్నాడు.

ఎత్తిన సమ్మెట దించడానికి కూడా భయమేసింది. వెనక్కి ఒక్కో అడుగూ వేసి, చంటిపిల్లను పడుకోబెట్టినట్టు సమ్మెటను నేల మీద పెట్టాను. వాడు మాత్రం బాంబును వదిలితే అది పడిపోతుంది. పడితే ఏమవుతుందో ఎవరికి తెలుసు? "బావా, పసుపుకు చేతులు జారుతున్నయ్" అన్నాడు. ముసలాయన దూరంగా ఆగిపోలేదు. మా పక్కనే మోకాళ్ల మీద కూర్చుని దోసిళ్లతో ఇసుక పోశాడు. ఆ ఇసుక మీదికి, వాడి చేతుల మీద నా చేతులు వేసి, ఆ ఇనుమును వెంట్రుకవాసి చొప్పున వాల్చాం. "అక్కకు చెప్పకు బావా" అన్నాడు వాడు, అంత భయంలోనూ.

పోలీసులు వచ్చేదాకా గట్టు వెనక కూర్చున్నాం. పసుపు అంటిన మా బామ్మర్ది చేతుల్ని ముసలాయన తన చేతుల్లోంచి వదల్లేదు. ఆయన చిన్నతనంలో ఈ కొండ మీద పోరు జరిగిందట, విమానాలు వచ్చి బాంబులు వేసేవట, ఇదీ అప్పుడు పేలకుండా మిగిలినదేనట. జెట్లు అప్పుడప్పుడే కొత్తగా వస్తున్నాయట. "అవి వచ్చేదీ తెలియదు, పోయేదీ తెలియదు, భయపడే తీరికే ఉండేది కాదు. నాలుగు ఫ్యాన్ల పాతవి నెమ్మది. చప్పుడు ముందొచ్చేది, విమానం తర్వాతెప్పుడో. అంతసేపూ మా అమ్మ గుహలో మమ్మల్ని పొట్ట కింద దాచుకునేది" అన్నాడు. మధ్యాహ్నం పోలీసులు ఆ బాంబును అక్కడే పేల్చేశారు. కొండంతా కదిలింది. మా ప్రహరీ ఉండాల్సిన చోట మనిషి లోతు గుంట మిగిలింది. ఆ గుంట చూశాక బామ్మర్ది వాంతి చేసుకున్నాడు, నేను వాణ్ణి పట్టుకుని ఏడ్చాను.

మా ఆవిడకు ఈనాటికీ చెప్పలేదు. ఇది చదివితే నాకు మూడుతుంది. ఆ విమానాలు పోయాయి, వాటిని నడిపినవాళ్లు పోయారు, ఆ నాటి కొత్త జెట్లు కూడా తుక్కైపోయాయి. ఆ ఇనుముకు మాత్రం ఒక్క రోజు కూడా గడవలేదు. నేను సమ్మెట ఎత్తిన ఆ పొద్దున కూడా, అది ఆకాశంలోంచి ఇంకా పడుతూనే ఉంది.