మునిగిన పడవ గురించి మా సారు చెప్పిన రెండు కథలు

పొద్దున అంగడి షట్టరు ఎత్తుతుండగా మా సారు కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, నాయన పాయె" అన్నాడు, అంతే. నాకు బడిలో సోషల్ చెప్పిన సారు ఆయన. షట్టరు దించేసి కర్నూలులో ఆత్మకూరు బస్సెక్కాను. దారి పొడవునా ఏడుపు కంటే భయమే ఎక్కువ వేసింది. కృష్ణలో నీళ్లు తగ్గుతున్నాయి. పడవ బయటపడే కాలం. దాని దగ్గరికి మనుషుల్ని పోనివ్వకుండా ఆపుతూ వచ్చిన ఒక్క మనిషీ పోయారు.

ఆ పడవ సంగతి చెప్పాలి. శ్రీశైలం ఆనకట్ట వెనక నీళ్లు మా ఊరి దాకా నిలబడతాయి. ఎండాకాలంలో అవి వెనక్కి పోగానే ఊరి ఎదుట బురదలో ఒక పెద్ద పడవ పక్కటెముకలు తేలతాయి. దొంగల పడవ అంటారు. నవాబుల కాలంలో శివరాత్రికి పోయే యాత్రికులను ఏటి నడుమ అడ్డగించి దోచుకునే ముఠా ఉండేదట. ఒక ఏడాది మల్లన్నకు నగలు తీసుకుపోతున్న శెట్టిగారి భార్య మెడలో పుస్తెలతాడు కూడా తెంచుకున్నారట. ఆమె దోసిట్లోకి నీళ్లు తీసుకుని శపించిందట. ఆ పూటే వాళ్ల పడవ బంగారంతో సహా మునిగిందట.

సారుకు ఈ కథంటే ఒళ్లు మంట. సుద్దముక్క అరిగి గోటికి అంటుకునేదాకా పారేయని మనిషి, ఈ మాట వస్తే మాత్రం దాన్ని బల్ల మీద విసిరికొట్టేవారు. "నవాబుల కాలం పడవకు మిషను మేకులు యాడనుంచి వచ్చినాయప్పా?" అని అడిగేవారు. అసలు సంగతి ఆయన కళ్లారా చూసినదే. ఆనకట్ట కట్టినప్పుడు మా ఎదుట మునిగిన ఊళ్లోనే ఆయన పుట్టారు. ఊరు ఖాళీ చేస్తూ జనం దూలాలు, తలుపులు ముందే తరలించుకున్నారు గాని గడపలు మాత్రం ఎవరూ ఊడదీయలేదు. ఇంట్లో మనుషులుండగా గడప తీయడం అరిష్టమని, నీళ్లు వీధిలోకి వచ్చేదాకా ప్రతి ఇల్లూ ఆగింది. చివరికి పసుపు రాసిన రాతి గడపలన్నీ ఒకే రోజు ఒకే పడవలో వేశారు. బరువుకు అది మునిగింది. మనుషులు ఈది బయటపడి తలో దిక్కూ పోయారు, మా ఊరికి వచ్చింది సారు ఇల్లొక్కటే.

"దాంట్లో బంగారం లేదప్పా, మా అమ్మ మొక్కిన గడప ఉండాది" అనేవారు.

మా వాళ్లు నమ్ముతారా? సారు అంత గట్టిగా లేదంటున్నాడంటే తనకోసం దాచుకున్నాడనే అనుకున్నారు. మా వీధిలో ఒకాయన పార భుజాన వేసుకుని మిట్టమధ్యాహ్నం పోయాడు. బురద పైన ఎండి పగుళ్లిచ్చి నేలలాగే ఉంటుంది, కింద జావ. తాళ్లు తెచ్చేలోపు మెడ దాకా దిగిపోయాడు. ముందు తాడు విసిరింది సారే, అందలేదు. చనిపోయినాయన భార్య ఒడ్డున సారును నిలదీసింది. "ఆడ ఏమీ లేదంటివి గదా సారూ, ఏమీ లేనికాడికి పోతే మనిషెట్ల చచ్చె?"



ఆ తర్వాత నుంచి దొంగల కథ ఆయనే చెప్పడం మొదలుపెట్టారు. జన్మలో తాయెత్తు కట్టని మనిషి, ఆ శెట్టమ్మ ఇంకా పడవలోనే కూర్చుని ఉందని, బురదలో కాలు పెట్టినవాడి పాదం పట్టుకుంటుందని వినేవాళ్ల ఒళ్లు జలదరించేలా చెప్పేవారు. ఇదేంది సార్ అని ఒకసారి అడిగాను. "నిజం చెప్తే నవ్వుకుంటా పోయిరి. అబద్ధం చెప్తే భయపడి నిలబడిరి. నాకు మనుషులు గావాల్నప్పా" అన్నారు. ఒక్కరూ పోలేదు, ఒక్కరూ చావలేదు. నాకు ఆయన మీద ప్రేమ ఎక్కువైంది ఆ రోజే.

కాని ఈ మధ్య కథ ఫోన్లలోకి ఎక్కింది. శాపం ఉందంటే కింద సొమ్ము ఉండితీరాలట, శాపానికి విరుగుడు పూజ ఉందట. బయటి ఊళ్ల నుంచి జీపులు రావడం మొదలైంది. చివరిసారి చూడబోతే సారు మంచం మీదుండి నా మణికట్టు పట్టుకున్నారు. "నేను కట్టిన కథ నాకే ఎదురు తిరిగిందప్పా. అది అబద్ధమని నువ్వన్నా చెప్పు. నీ ఎరువుల అంగడికి పది ఊర్లోళ్లు వస్తాంటారు." చెప్తానన్నాను. చెప్పాను కూడా. విత్తనాల సంచితోపాటు విని నవ్వి పోయేవారు.

సారు పెద్దదినం నాడు, భోజనాల వేళకు, ఏటి ఒడ్డున జీపు ఆగింది. ముగ్గురు దిగారు, వాళ్లతో ఒక నల్లమేక. విస్తరి ముందు నుంచి లేచి పరుగెత్తాను.

"సారు శిష్యుడివంట గదా. ఆయమ్మ పడవలో ఏ పక్క కూర్చోనుండాదని చెప్పినాడు?" అని ముగ్గురిలో పెద్దాయన అడిగాడు.

"ఆడ ఎవరూ లేరప్పా. గడపలుండాయి. ఆ బురద మనిషిని మింగుతాది. ఆ కథ మా సారు కట్టింది."

ఆయన నవ్వాడు. "మీ సారు గూడా మొదట్లో ఇట్లే లేదు లేదన్యాడంట లే."

పోలీసులకు ఫోన్ చేశాను, బయల్దేరుతున్నామన్నారు. ఊళ్లోవాళ్లు తాళ్లు తేవడానికి పరుగెత్తారు. నేను పెద్దాయన చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నాడు.

బురద అంచున మేక ఆగిపోయింది. తాడు లాగారు, తోక మెలిపెట్టారు. ముందుకాళ్లు బిగబట్టి ఒక్క అడుగు వేయలేదు. ఇక లాభం లేదని ఒకతను దాన్ని ఎత్తి భుజాల మీద వేసుకున్నాడు. చెప్పులు విడిచి ఒడ్డున జతగా పెట్టి, పడవ వైపు నడిచాడు. అతని మెడ వెనక నుంచి మేక మా వైపే చూస్తూ ఉంది.