రెండు గీతలు నిలబెట్టిన మేడం

మా మేడం పోయారని హయత్‌నగర్ నుంచి ఫోన్ వచ్చింది. అప్పుడు నేను ఇబ్రహీంపట్నం ఆఫీసులో ట్యాబ్‌కి ఛార్జింగ్ పెడుతున్నాను. ఏడ్చాను, దాచుకోను. కానీ ఆమె గురించి ఏడుస్తూ రాస్తే ఆమెకే నచ్చదు. గెలిచి వెళ్లిన మనిషి.

ఇంటింటా రక్తం నమూనాలు తీసుకుని, ఏ జబ్బు ఏ వంశంలో ఎలా దిగుతుందో వెతికే పెద్ద పరిశోధన మాది. ఆ వివరాలన్నీ దాచే కంప్యూటర్ వ్యవస్థ మేడం చేతిలో ఉండేది. సంచిలో ఎప్పుడూ పల్లీలు. నములుతూనే మా తప్పులు పట్టేవారు.

మొదట మాకిచ్చిన సాఫ్ట్‌వేర్ ఎక్కడో దూరదేశంలో తయారైంది. ఇద్దరి మధ్య ఒక్క చుట్టరికమే ఒప్పుకునేది. రెండోది రాస్తే చప్పుడు చేయకుండా మొదటిది చెరిపేసేది. మా దిక్కు మేనరికాలు మామూలే కదా, దాని తలకు ఎక్కితేగా!

కొంగరకలాన్ దగ్గర ఒక ఇంట్లో బాబుకు పుట్టుకతోనే వినపడదు. నాయనమ్మ కోడలి మీద విరుచుకుపడేది. "మా ఇంట్ల గిసొంటిది లేదు. నీ అమ్మ దిక్కుకెల్లి ఒచ్చింది. నా కొడుక్కి ఇంకో పెండ్లి చేస్త." మా పరీక్షలోనేమో కారణం తేలలేదు. మేడం బస్సెక్కి స్వయంగా వచ్చి గడప మీదే కూర్చున్నారు.

"జర చెప్పు పెద్దమ్మా, కోడలు నీకేమైతది?"

"ఏమైతది? మా తమ్ముని బిడ్డ."

మేడం ట్యాబ్ చూశారు. కోడలని రాయగానే తమ్ముడి బిడ్డన్న చుట్టరికం చెరిగిపోయింది. "ఇందుల నీ తమ్ముడే లేడు!"

ఇట్లాంటి తప్పులే నిండిన మా మండలం వివరాలన్నీ పక్కన పెట్టేద్దామన్నారు పైవాళ్లు. "మనుషులను తీసేస్తరా? కంప్యూటర్‌ను మార్చరా?" అని మేడం మీటింగులోనే గొడవపడ్డారు. మొత్తం కొత్తగా కట్టారు. ప్రతి మనిషికీ కన్నతల్లి, కన్నతండ్రి గీతలు వేరు, పెళ్లి గీత వేరు. ఏదీ దేన్నీ చెరపదు. పేర్లు ఇంటింటికీ తిరిగే మా ట్యాబ్‌లోనే, పరిశోధన చేసేవాళ్లకు నంబర్లే కనపడతాయి.

ఈసారి కారణం దొరికింది. బాబుకు తండ్రి నుంచీ తల్లి నుంచీ అదే లోపం దిగింది. రెండు గీతలూ పైకి పోయి నాయనమ్మ పుట్టింట్లోనే కలిశాయి. డాక్టరు ఆ ఇంటివాళ్లకు నిదానంగా చెప్పారు. తప్పు ఎవరిదీ కాదన్నారు. రెండో పెళ్లి మాట మళ్లీ లేవలేదు. పక్కన పెడదామన్న మా మండలం లెక్కే ఇప్పుడు మిగతా మండలాలకు నమూనా. ఎంత గర్వమో నాకు!

మేడం లేరని చెప్పడానికి ఆ ఇంటికి వెళ్లాను. ఆ కుటుంబం రాయమన్నాకే ఇది రాస్తున్నాను.  నాయనమ్మ ట్యాబ్ చూపించమంది. కోడలిని పిలిచి, ఆమె వేలు పట్టుకుని ఒక గీత మీద పెట్టింది. తన వేలు రెండో గీత మీద పెట్టుకుంది. రెండు వేళ్లూ మెల్లగా పైకి జరిగి ఒకే పేరు దగ్గర ఆగాయి.

"మా బాపు, నీకు తాత," అంది నాయనమ్మ. "మనిద్దరిది గీ ఇల్లే బిడ్డా."