మా ఫిజిక్స్ సార్, మేం చేసిన రెండు రాకెట్లు

మా ఫిజిక్స్ సార్ పోయారని సోమవారం పొద్దున రేపల్లె నుంచి ఫోన్ వచ్చింది. "నాన్న పోయారక్కా. నాలుగింటికి ప్రార్థన" అన్నాడు వాళ్లబ్బాయి. సరేనని ఫోన్ పెట్టేసి, పొయ్యి మీది పాలు దించి, తెనాలిలో నేను పనిచేసే స్కూలుకు వెళ్లాను. హాజరు తీసుకున్నాను. తొమ్మిదో తరగతికి పాఠం కూడా చెప్పాను. ఏ పాఠమో ఇప్పుడు గుర్తులేదు. మధ్యాహ్నం సెలవు పెట్టి రేపల్లె రైలెక్కాను.

ఎనభైల చివర్లో బాపట్లలో డిగ్రీ చదువుతూ మేం నలుగురం, ముగ్గురు అబ్బాయిలు, నేను, రాకెట్ చేస్తామని ఆయన దగ్గరికి వెళ్లాం. ఆయన నవ్వలేదు, మెచ్చుకోనూ లేదు. "రాకెట్ పైకి పోవడం రెండో సంగతి. ముందు మనం క్షేమంగా ఇంటికి పోవాలి. దానికి ఒప్పుకుంటే రేపు రండి" అన్నారు.

రాకెట్ అడుగున మంట బయటికి వచ్చే ఇరుకు మూతిని తెనాలిలో ఒక లేత్ షాపులో చేయించాం. సార్ దాని లోపల చిటికెనవేలు పెట్టి తిప్పి, ఇంకా గరుగ్గా ఉందనేవారు. "కంటికి కనబడట్లేదు గదండి సార్" అన్నాడు మేస్త్రి. "కంటికి కనబడకపోయినా మంటకి కనబడుద్దయ్యా" అన్నారు సార్. మేస్త్రి దాన్ని మళ్లీ లేత్‌కి బిగించాడు.

రాకెట్ గొట్టంలో ఇంధనం నింపే పని నాది. నింపాక మూడు రోజులు నీడన ఆరాలని సార్ చెప్పారు. పరీక్షలు దగ్గర పడ్డాయి. రెండో రోజు వేలితో నొక్కి చూసి, ఆరిందనుకుని, మేం చేసిన పనులు రాసే పుస్తకంలో 'మూడు రోజులు' అని రాశాను.

రాకెట్‌ని ఎగరేయక ముందు, కాలేజీ వెనక నేలకు బిగించి మండించి చూశాం. సార్ మమ్మల్ని ఎంతో దూరంగా, ఇసుక బస్తాల వెనక కూర్చోబెట్టారు. అంత దూరం దేనికని నేను నవ్వాను కూడా. గొట్టం పేలిపోయింది. ల్యాబ్ కిటికీ అద్దాలన్నీ రాలిపోయాయి. మా ముందున్న బస్తాలో ఒక రేకు ముక్క దిగబడి ఉంది.

ప్రిన్సిపాల్ గారు వచ్చి, నింపిందెవరని అడిగారు. నేను తల దించుకుని అద్దం ముక్కలు ఏరసాగాను.

"నింపింది పిల్లలేనండి. చూసి సరేనన్నది నేను. తప్పు నాదేనండి" అన్నారు సార్.

ఆయన్ని ల్యాబ్ బాధ్యత నుంచి తప్పించారు. వారం తర్వాత వెళ్లి చెప్పాను.

"సార్, మూడ్రోజులు ఆగలేదండి. రెండ్రోజులే ఆగాను."

ఆయన పేపర్లు దిద్దుతూనే, "తెలుసమ్మా. పగిలిన ముక్కలు చూస్తేనే తెలిసింది" అన్నారు.

"మరి చెప్పలేదేంటండి?"

"చెప్పాల్సింది నువ్వు కదా. చెప్పావు. ఈసారి కూడా నింపేది నువ్వే."

మరుసటి ఏడు, ఏం జరిగినా పూచీ తనదేనని సార్ రాసిచ్చాక అనుమతి దొరికింది. సూర్యలంక ఒడ్డున ఒక పడవ దాటిపోయేదాకా గంటసేపు ఆపారు. తర్వాత స్విచ్ నాకిచ్చారు. రాకెట్ లేచింది. మేం లెక్కేసిన ఎత్తులో సగం పోయి, ఒక పక్కకు ఒరిగి సముద్రంలో పడింది. మేం గంతులేస్తుంటే ఆయన అది పడిన వైపే చూస్తూ నిలబడ్డారు.

రేపల్లెలో సార్ భార్య, మేడమ్ గారు, నా చెయ్యి పట్టుకుని, "మీ రాకెట్ ఎంత బాగా లేచిందో ఎప్పుడూ చెప్పేవారమ్మా" అన్నారు. పేలిన దాని మాట ఆవిడ ఎత్తలేదు. నేనే చెప్పాను, రెండు రోజుల సంగతితో సహా. ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"ల్యాబ్ పని తనే వద్దన్నానని చెప్పారమ్మా మాకు. ఇన్నాళ్లూ అదే అనుకున్నాను."

నాకప్పుడు ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు.

సమాధుల తోటలో నాలుగడుగులు తవ్వేసరికి నీరూరింది. ఇద్దరు మనుషులు గుంటలో దిగి బకెట్లతో తోడుతున్నారు. పాస్టర్ గారు బైబిలు మూసి ఆగారు. తోడేకొద్దీ నీళ్లు ఊరుతూనే ఉన్నాయి. గట్టు మీద పోసిన నీళ్లు సన్నగా పాయ కట్టి, అక్కడ నిలబడ్డ వాళ్ల చెప్పుల మధ్య నుంచి పక్కనున్న వరిచేలోకి జారిపోతున్నాయి.