లక్ష్మీదేవి ఫారిన్ చీర

వనస్థలిపురంలో మేం కొత్తగా ఇల్లు కట్టుకున్న రోజులవి. దిల్‌సుఖ్‌నగర్‌లో చవగ్గా దొరికిన ఫారిన్ రంగుగాజు ముక్కలు అతికించి, పూజగది తలుపుకు లక్ష్మీదేవిని నేనే తయారుచేశాను. ఆ ఫారిన్ మాట కాలనీ అంతా చెప్పుకున్నాను కూడా.

గృహప్రవేశం నాడు మా అత్తమ్మ, "తలుపు మీదుంటే ఏంది, దేవత దేవతనే" అంటూ చెంబెడు పాలతో అభిషేకం చేసింది. చుట్టాలందరి ముందే అమ్మవారి ఎర్రచీర కరిగి గడప మీదికి కారింది. మిగిలిన తెల్లగాజులోంచి, లోపల నేను దాచిన సిమెంటు బస్తాలు కనిపించాయి.

నేను సిగ్గుతో చస్తుంటే, రోజూ తన ఫారిన్ కిటికీల గొప్పలు చెప్పే పక్కింటి గుంటూరు ఆవిడ నా చెవిలో మెల్లగా అంది: "మేమూ అక్కడే కొన్నామండీ. అందుకే తడపం."

ఆ తర్వాత ఎన్ని దసరాలొచ్చినా, మా కాలనీలో ఫారిన్ కిటికీలు కడిగినోళ్లను నేను చూడలేదు.